బట్వాడా కాని బొమ్మలు

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినం నాడు అనంతపురంలో ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు నాయనా, గోడకు అంటించిన బొమ్మలు లేచిపోతాండాయి. ఆ, చాలు.

"మీకు బాగా ఇష్టమైన పది ఫోటోలు, వాటి వెనక కథలు చెప్పండి సార్" అని నన్ను పిలిచినారు. ఏరడానికి ఇంట్లో నేలమీద పరుచుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టింది. మా ఇంటామె చూసి, "పెండ్లి సంబంధం చూసేటప్పుడు గూడా మీరు ఇంత ఆలోచన చేయలేదు" అనింది. (నవ్వులు) పది ఎటూ తేలలేదు. తేలినన్ని తెచ్చినాను.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఇక్కడ స్టూడియోలు నడిపేవాళ్ళు ఉన్నారు, పెండ్లిళ్ళకు వీడియోలు తీసేవాళ్ళు ఉన్నారు, డ్రోన్లు ఎగరేసే పిల్లోళ్ళు ఉన్నారు. నేను వాళ్ళ జాబితాలో రాను. ఫోటో తీసి ఒక్క రూపాయి సంపాదించలేదు, పోగొట్టుకున్నది మాత్రం బోలెడు. నా ఉద్యోగం మెయిల్ ఓవర్‌సీర్. ఈ కాలం పిల్లలకు ఆ పేరు కొత్తగా ఉంటుంది. పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసులు ఉంటాయి కదా, వాటిని చుట్టి వచ్చే పని. నగదు లెక్క సరిపోయిందా, సంచులు వేళకు వస్తున్నాయా, బట్వాడా సరిగ్గా జరుగుతోందా చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చెల్లించినట్టు రాసిన మనియార్డరు నిజంగా ఆ మనిషి చేతికి అందిందా లేదా అని ఇంటికి పోయి అడగాలి. అంటే, ముక్కూ మొగం తెలియని వాళ్ళ గడపలో నిలబడి మాట కలపడానికి ప్రభుత్వమే నాకు జీతమిచ్చింది. ఫోటోలు తీసే పిచ్చి ఉన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు తిరిగినాను. మొదట్లో సైకిలు, తర్వాత మోపెడ్. సంచిలో విజిట్ బుక్కు, సద్దిమూట, వాటికింద ఒక అగ్ఫా క్లిక్ త్రీ. స్నేహితుడి దగ్గర పాతది కొన్నాను. బరోడాలో తయారైన డబ్బా కెమెరా. తిప్పడానికి, మీటడానికి పెద్దగా ఏమీ ఉండవు. 120 ఫిలిం, రీలుకు 12 బొమ్మలు, చదరంగా వస్తాయి. వెనకవైపు ఎర్రటి చిన్న కిటికీ ఉంటుంది, అందులో అంకె కనబడే దాకా మీట తిప్పుకోవాలి. తిప్పడం మరిచిపోతే ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకసారి మా పోస్టల్ సూపరింటెండెంటు గారి మీద ఎద్దులబండి పడింది. (నవ్వులు) ఆ ప్రింటు నేను ఎవరికీ చూపించలేదు.

సరే, మొదటి బొమ్మ వేయండి.

ఈ అవ్వ కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో ఉండేది. ఊరి పేరు, అవ్వ పేరు వదిలేస్తున్నాను. ముసలోళ్ళ పింఛను మనియార్డరు అందిందా అని అడగడానికి పోయినాను. "అందింది నాయనా, వేలిముద్ర ఏసినా గదా" అని బొటనవేలు ఎత్తి చూపించింది. సిరా మరక ఇంకా పోలేదు. అట్లా వేలు చూపిస్తుండగానే తీసినాను. బొమ్మలో చూడండి, వేలు ముందుకొచ్చి మసకబారింది, మొగం మాత్రం తేటగా ఉంది. డబ్బా కెమెరాతో మరీ దగ్గరికి పోతే అట్లే వస్తుంది. తప్పే. కానీ ఆ తప్పు లేకపోతే ఈ బొమ్మ లేదు.

రీలు నిండడానికి రెండు నెలలు పట్టింది. నిండితే గానీ కడిగేది లేదు కదా. ఫిలిం కడగడం నాకు ఇక్కడ అనంతపురంలోనే ఒక స్టూడియో ఆయన నేర్పించినాడు. రాత్రి షాపు కట్టేసినాక రమ్మనేవాడు. ఎర్ర బల్బు కింద తొట్టిలో తెల్ల కాగితం ముంచితే, ముందు కంటి గుంతలు తేలతాయి, తర్వాత ముక్కు, ఆఖరికి జుట్టు. బొమ్మ నిలబడడానికి వాడే హైపో మందు వాసన చేతులకు రెండు రోజులు ఉండేది. మా ఇంటామెకు ఆ వాసన తెలిసినాకే, రీలుకెంత అయ్యిందని అడగడం మొదలుపెట్టింది.

ప్రింటు తీసుకుని అదే ఊరికి పోయినాను. అవ్వ చేతికిచ్చినాను. వెలుతురుకు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, "మాయమ్మ నీకు యాడ దొరికింది నాయనా?"

నాకు అర్థం కాలేదు.

"మాయమ్మ సచ్చి శానా ఏండ్లాయ. యా పొద్దూ ఫోటో దిగల్యా. నువ్వెట్ల పట్టినావు?"

పక్కనున్న పోస్టుమాస్టరు నవ్వి, "అవ్వా, అది నువ్వే" అన్నాడు. అవ్వ నమ్మలేదు. వాళ్ళింట్లో గోడకు పొదిగిన అద్దం ముక్క ఒకటి ఉంది, అరచేయంత. దాంట్లో చూసుకుంటే కన్ను కన్నుగా, చెంప చెంపగా కనబడుతుందే గానీ మొగమంతా ఒక్కసారి కనబడదు. ఆమె తన మొగం మొత్తం ఎప్పుడు చూసుకుందో, అసలు చూసుకుందో లేదో. చూసుకోని ముప్పై నలభై ఏళ్ళల్లో ఆ మొగం వాళ్ళమ్మ మొగంగా మారిపోయింది. "మీరేమన్నా చెప్పండి, ఇది మాయమ్మే" అని దేవుడి గూట్లో పెట్టుకుంది. తర్వాత ఆ ఊరికి పోయినప్పుడల్లా, ఇంటికొచ్చినవాళ్ళకు "ఇది మాయమ్మ, ఈ పోస్టాఫీసు సారు తెచ్చిచ్చినాడు" అని చూపించేది. నేను తలకాయ ఊపేవాణ్ణి. వేలిముద్ర ఎవరిదో సరిచూసే ఉద్యోగం నాది. ఆ ఒక్కటి మాత్రం సరిచూడలేదు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటైంది. మనిషి బొమ్మ తీస్తే ఆ మనిషికి ప్రింటు చేర్చాల్సిందే. తీసుకున్నది ఉత్తరం లాంటిది, చేర్చేదాకా అది మన సంచిలోనే ఉన్నట్టు. అందుకే నాకు ఇష్టమైన బొమ్మ ఏదంటే, బాగా వచ్చినది గుర్తుకురాదు. చేర్చడానికి పోయినప్పుడు ఏం జరిగిందో అదే గుర్తుకొస్తుంది.

తర్వాతది తొందరగా చూద్దాం. ఈ ఇసుక దిబ్బలు. ఎక్కడివో ఎవరైనా చెప్తారా? (సభలో నుంచి: రాజస్థాన్) అదే, అందరూ అదే అంటారు. ఒక పోటీకి పంపితే, స్థానిక చిత్రాల విభాగంలో రాజస్థాన్ ఫోటో పంపినావని తిప్పి పంపినారు. ఇది మన కణేకల్లు దగ్గర. వేదవతి, అదే హగరి, ఎండిపోయిన ఏటి ఇసుకను గాలి ఎత్తిపోసి చేలమీద వేస్తుంది. దేశంలో జైసల్మేరు తర్వాత వాన తక్కువ పడేది మనకే అని చిన్నప్పటి నుంచి బడిలో చెప్పించుకున్నాం కదా, మరి ఇసుక ఉంటే ఆశ్చర్యమేముంది. ఇందులో మనిషి లేడు కాబట్టి చేర్చాల్సిన ప్రింటూ లేదు. ముందుకు పోదాం.

లేపాక్షి బొమ్మలు తేలేదు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఇవతల నుంచి అవతలికి లాగేవాళ్ళ ఫోటోలు నా దగ్గరే వంద దాకా ఉంటాయి, మీ దగ్గర ఇంకో వెయ్యి ఉంటాయి. ఆ నందిని మాత్రం, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఏకశిలను, ఏ కోణం నుంచి తీసినా బొమ్మలో చిన్నదైపోతుంది. పక్కన ఒక మనిషిని నిలబెడితే తప్ప దాని ఒడ్డూ పొడుగూ తెలియదు. మనిషిని నిలబెడితే ఆయన నవ్వుతాడు, నంది పోయి ఆయన మిగులుతాడు.

కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమాను దగ్గర కూడా అదే గోల. ఐదెకరాల చెట్టును చదరం బొమ్మలో ఎట్లా పెడతావు? లోపలికి పోతే ఊడలు కనబడతాయి, చెట్టు కనబడదు. బయటికొస్తే తోపు కనబడుతుంది, అది ఒక్క చెట్టే అని ఎవరూ నమ్మరు. ఆ మాను సంగతి ప్రపంచానికి చెప్పి, 1989 గిన్నిస్ పుస్తకంలో చేరేదాకా పట్టువదలకుండా తిరిగింది బెంగుళూరు ఫోటోగ్రాఫర్ సత్యనారాయణ అయ్యర్. ఆయన పంపిన రాతలనూ ఫోటోలనూ పత్రికలవాళ్ళు 'రిగ్రెట్', అంటే 'చింతిస్తున్నాం' అని తిప్పి పంపితే, ఆ చీటీలన్నీ దాచిపెట్టుకుని, చివరికి తన పేరుకే ముందు 'రిగ్రెట్' అని చేర్చుకున్న మనిషి. రిగ్రెట్ అయ్యర్. తిరిగొచ్చిన కవర్లు నేను చాలా చూసినాను గానీ, వాటిని పేరుగా పెట్టుకున్నవాణ్ణి చూడలేదు.

ఇంకో సంగతి. 2022లో జిల్లా రెండైనప్పుడు లేపాక్షి, మర్రిమాను, ఇప్పుడు చూపించబోయే నిమ్మలకుంట, వీరాపురం అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాకు పోయినాయి. నా ఆల్బంలో సగం ఒక్క రాత్రిలో పక్క జిల్లా అయిపోయింది. చిరునామాలు మార్చుకోలేక వదిలేసినాను.

ఇది నిమ్మలకుంట. ధర్మవరం మండలం. తోలుబొమ్మలు చేసేవాళ్ళ ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు, మీకందరికీ తెలిసిందే. నేను పోయింది దానికి చాలా ముందు, ఆటకు పిలిచేవాళ్ళు తగ్గిపోతున్న రోజుల్లో. పక్క పల్లెలో ఏదో మొక్కుబడికి రామాయణం ఆడుతున్నారంటే పోయినాను. అప్పటికి నా చేతిలో యాషికా కెమెరా ఉంది, తక్కువ వెలుతురుకు పనికొచ్చే 400 ఫిలిం.

ముందు వరసలో కూర్చుని తీసినాను. తెర మీద రావణుడు వస్తాడు, పది తలకాయలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మేకతోలు గీకి గీకి పలచన చేసి, నగలకూ కిరీటాలకూ ఉలితో సన్నగా రంధ్రాలు కొట్టి ఉంటారు. వెనక నుంచి వెలుతురు పడితే ఆ రంధ్రాలే రత్నాలు. చాలా అందంగా ఉంది. రీలు సగం అయిపోయింది. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి చేసే మోటు హాస్యానికి జనం పడిపడి నవ్వుతున్నారు. అవి మనం ఇక్కడ చెప్పుకునే మాటలు కాదులెండి.

విరామంలో వెనక్కి పోయి, అక్కడున్న పెద్దాయనతో "బొమ్మలు బాగొచ్చినాయి" అని చెప్పినాను. ఆయన బీడీ వెలిగించుకుని, "ముందర కూర్చుంటే బొమ్మ కనపడతాది సామీ. మడిసి కనపడాలంటే ఇట్లా రావల్ల" అన్నాడు.

అక్కడే మూలలో కూర్చోనిచ్చినారు. మీరు చూస్తున్నది ఆ బొమ్మ. తెర ఇటువైపు నుంచి చూస్తే రావణుడు నల్లటి అట్టముక్క. ఆడించే ఆయన రెండు చేతుల్లో రెండు బొమ్మలు, నోటితో పద్యం, కాలికింద చెక్క. యుద్ధం వచ్చినప్పుడల్లా ఆ చెక్కను కాలితో దడదడా తొక్కుతాడు. ముందర కూర్చున్నవాళ్ళకు అది యుద్ధం చప్పుడు. పక్కన ఆయన భార్య సీత గొంతు పలుకుతూనే ఒళ్ళో బిడ్డకు పాలిస్తోంది. వెలుతురు చాలదు, సెకనులో ఎనిమిదో వంతు తెరిచిపెట్టాలి. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. కెమెరాను హార్మోనియం పెట్టె మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కినాను. ఆయన కాళ్ళు చూడండి, లేవు. పొగలాగా ఉన్నాయి. ఆ తొక్కుడు అట్లా పడింది. బిడ్డ మాత్రం కదలలేదు. అంత చప్పుడులోనూ నిద్రపోయింది, అందుకే ఈ బొమ్మలో సూదిమొనంత తేటగా ఉండేది ఆ బిడ్డ మొగమొక్కటే.

ప్రింటు పట్టుకుపోతే ఆమె చూసి ఏమనిందో తెలుసా? "సీత పాట పాడేటప్పుడు మొగం ఇట్ల పెడతానా నేను?" అని కోపం చేసుకుంది. మొగుడితో, "ఇన్నేండ్లు పక్కనే ఉండి ఒక్కపొద్దన్నా చెప్పినావా?" అని జగడం. ఆయన నావైపు చూసిన చూపుకు ఆ రోజు మజ్జిగ కూడా తాగకుండా వచ్చేసినాను. (నవ్వులు) ఇప్పుడు ఆ ఊర్లో తోలుతో దీపాలకు తొడుగులు చేసి అమ్ముతున్నారు, నగరాల్లో హాళ్ళల్లో పెట్టుకుంటున్నారు. బాగానే ఉంది, నాలుగు వేళ్ళు నోట్లోకి పోవాలి కదా. నాకెందుకో రావణుడు కరెంటు బల్బు చుట్టూ గమ్మున నిలబడి ఉంటే, కింద చెక్క తొక్కేవాళ్ళు ఎవరా అని చూడబుద్ధేస్తుంది.

తర్వాతది వీరాపురం. చిలమత్తూరు మండలం. ఈ కొంగలను చూడడానికి మీలో చాలామంది పోయింటారు. 'సైబీరియా పక్షులు' అని బోర్డుల మీద, పేపర్లలో రాస్తారు. సైబీరియా కాదు, ఏమీ కాదు. ఇవి మన దేశపు కొంగలే. పసుపు ముక్కు, వీపు మీద రోజా రంగు ఈకలు, ఎర్రకాళ్ళు. చెరువుల్లో నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి పోతాయి, గూళ్ళు పెట్టడానికి ఈ ఊరి చింతచెట్లకు వస్తాయి. వాటి కోసం ఆ చెట్ల కాయలు ఊరివాళ్ళు వదులుకుంటారు. కింద నిలబడితే ఆ వాసన, ఆ రెట్టలు, పిల్లల అరుపులు అంతా ఇంతా కాదు. ఒకామె వాకిట్లో అంట్లు తోముతూ, పైన చెట్టు నుంచి పడ్డ రెట్ట చెంబు మీద నుంచి కడుక్కుంటూ నాతో అనింది, "పురిటికొచ్చిన ఆడబిడ్డను ఇల్లు గలీజు చేసినావని తిడతామా అన్నా?"

నేను అక్కడికి ఐదారుసార్లు పోయినాను. పొద్దున్నే పోవాలి, సాయంత్రం పోవాలి అని అందరూ చెప్తారు, పుస్తకాల్లోనూ అదే ఉంటుంది, మెత్తని వెలుతురు కోసం. నేనూ అట్లే పోయేవాణ్ణి. ఎగిరే కొంగలు, వాలే కొంగలు, ఎర్రటి సూర్యుడి ముందర కొంగలు. క్యాలెండర్లకు పనికొస్తాయి. ఒకరోజు బస్సు తప్పిపోయి మిట్టమధ్యాహ్నం దాకా అక్కడే ఇరుక్కుపోయినాను. నెత్తిన ఎండ. ఎవరూ కెమెరా తీయని వేళ. చెట్టుకింద కూర్చుని పైకి చూస్తే, ఒక తల్లి కొంగ, తల్లో తండ్రో మనకు తెలియదు, గూటి అంచున నిలబడి రెండు రెక్కలూ సగం విప్పి పట్టుకుంది. ఎగరడానికేమో అనుకున్నాను. పది నిమిషాలైనా ఎగరలేదు. అప్పుడు అర్థమైంది. కింద మూడు పిల్లలు, ఇంకా సరిగ్గా ఈకలు రానివి, ఆ నీడలో ఉన్నాయి. ఎండ జరిగేకొద్దీ కొంగ కూడా జరుగుతోంది. పక్క గూళ్ళు చూసినాను. అన్ని గూళ్ళలోనూ అదే.

పుస్తకాలు చెప్పిన వేళకు పోతే ఈ బొమ్మ ఈ జన్మకు దొరికేది కాదు. మెత్తని వెలుతురులో గొడుగు ఎవరు పడతారు? తీయడం కూడా కష్టమే. తెల్ల రెక్క మీద ఎండ, దాని కింద నల్లటి నీడ. కెమెరా రెండిట్లో ఒకదాన్నే చూడగలదు. రెక్క తెల్లగా పోతే పోయిందని నీడకు సరిపెట్టినాను. అందుకే పిల్లలు కనబడుతున్నాయి, రెక్క సున్నం కొట్టినట్టుంది. ఒకరు దీన్ని చూసి "హైలైట్లు కాలిపోయినాయి సార్" అన్నారు. కాలిపోతున్న ఎండనే కదా నేను తీసింది.

దీని ప్రింటు ఎవరికివ్వాలి? అంట్లు తోముతున్న ఆమెకే ఇచ్చినాను. ఆమె ఇంట్లో వాళ్ళ మనవరాలి ఫోటో పక్కన పెట్టుకుంది.

ఈ చేతుల బొమ్మ గురించి రెండు మాటలు. వజ్రకరూరు చేలల్లో, తొలకరి పడినాక. మీకు తెలుసు కదా, వాన పడి ఎర్రమట్టి కడుక్కుపోతే రాయి మెరుస్తుందని ఊర్లకు ఊర్లు వచ్చి చేలల్లో వంగి నడుస్తుంటారు. అటు జొన్నగిరి, తుగ్గలి వైపూ అంతే. కిందెక్కడో వజ్రాలుండే కింబర్లైట్ అనే రాతి గొట్టాలు ఉన్నాయని భూగర్భ శాస్త్రం వాళ్ళు చెప్తారు, అది నిజమే. కానీ వచ్చినవాళ్ళకు కింబర్లైటు అక్కర్లేదు, అప్పు తీరితే చాలు. నెత్తిన ప్లాస్టిక్ కవరు వేసుకున్న ఒకాయన బొమ్మ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. "మొగం వద్దన్నా. తాపీ పనికి పోతాండానని చెప్పి వచ్చినా ఇంట్లో. పేపర్లో పడితే తిడతాది." సరే అని ఆ అడ్డం పెట్టిన చేతినే తీసినాను. ఇంకో చేతిలో గాజుపెంకు ఉంది, దాన్ని వదల్లేదు. అది గాజుపెంకని ఆయనకూ తెలుసు. ఈ ఒక్క ప్రింటును చేర్చడానికి నేను ప్రయత్నం చేయలేదు. చేర్చకపోవడమే మాట నిలబెట్టుకోవడం.

ఇప్పుడు నేను ఇంతకాలం ఒక్కరికి తప్ప ఎవరికీ చూపించని బొమ్మ. లైట్లు ఇంకొంచెం ఆర్పండి.

ఇది ఒక తలుపు. రాయదుర్గం వైపు. వరసగా రెండేండ్లు శెనక్కాయ పంట పోయిన కాలం. ఊరంటే సగం బీగాలే. బెంగుళూరులో యలహంక దగ్గర కట్టడం పనులకు పిల్లాజెల్లాతో పోయేవాళ్ళు. ఈ తలుపుకూ బీగముంది. గడియ సందులో చూడండి, కార్డులు, కవర్లు కుక్కి ఉన్నాయి. ఏడో ఎనిమిదో.

మెయిల్ ఓవర్‌సీరుగా నాకు ఇది కనబడకూడదు. ఇల్లు బీగం వేసి ఉంటే ఉత్తరం వెనక్కి ఆఫీసుకు తేవాలి. కొన్నాళ్ళు పెట్టుకుని, అప్పటికీ మనిషి రాకపోతే పంపినవాళ్ళకు తిప్పి పంపాలి. గడియలో కుక్కడం తప్పు. ఎవరైనా ఎత్తుకుపోతే? వాన పడితే? నేను రిపోర్టు రాయాలి, ఆ పోస్టుమ్యాన్‌కు మెమో రావాలి. రిపోర్టుకు సాక్ష్యంగా ఉంటుందనే, నిజం చెప్తున్నా, కెమెరా తీసి నొక్కినాను. కళాదృష్టి ఏమీ లేదు.

తర్వాత ఆయన్ను పిలిచినాను. నాకంటే పెద్దవాడు. "ఇదేందన్నా, తలుపునే పోస్టాఫీసు చేసినావు? రూలు తెలుసు గదా?"

"తెలుసు సార్" అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఎనక్కి పంపితే పంపినోళ్ళు ఏమనుకుంటారు సార్? ఈల్లు ఈ ఊర్లో లేరనుకుంటారు. ఉండారు సార్. పనికి పోయినారు, అంతే."

నేను ఏమీ మాట్లాడలేకపోయినాను. గడియ దగ్గరికి పోయి ఒక్కొక్కటి చూసినాను. ఒకటి కరెంటు బిల్లు. ఒకటి పెండ్లి పత్రిక, నాలుగు మూలలా పసుపు. నలుపు తెలుపు ఫిలిం కదా, బొమ్మలో అది మరకలాగా ఉంది, చూడండి. పసుపని నాకు తెలుసు, ఫిలింకు తెలియదు. దాని పక్కనే ఒక కార్డు, పైన 'అశుభం' అని రాసుంది. మన వైపు అశుభం కార్డు చదవగానే చింపి బయట పారేస్తారు, ఇంట్లో పెట్టుకోరు, తలమీద నీళ్ళు పోసుకుంటారు. అది పెండ్లి పత్రికకు ఆనుకుని ఉంది.

"ఇదన్నా వెనక్కి తెచ్చింటే బాగుండేది గదన్నా?" అన్నాను.

"సదివితేనే గద సార్ మైల? ఈల్లకు ఇంగా తెలీదు. తెలిసేదాకా ఆ మడిసి ఈల్లకు బతికే ఉండాడు."

నేను రిపోర్టు రాయలేదు. విజిట్ బుక్కులో 'బట్వాడా సక్రమం' అని రాసి సంతకం పెట్టినాను. ఇన్నేండ్ల సర్వీసులో నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. (నవ్వులు) నెగెటివ్ దాచిపెట్టినాను. ప్రింటు వేస్తే సాక్ష్యమవుతుందని వేయలేదు.

ఆయన పని మానుకున్న ఏడాది ఒక ప్రింటు వేసుకుని ఇంటికి పోయినాను. కవరు చూసి ఆయన లేచి నిలబడి, "ఇప్పుడు మెమోనా సార్?" అన్నాడు. తీసి చూపించినాను. కండ్లద్దాలు తెచ్చుకుని చూసినాడు. "పెండ్లి పత్రిక గూడా పడిందే. ఆ పాపకిప్పుడు ఇద్దరు పిల్లోళ్ళు సార్" అన్నాడు.

అడగాలనుకుని అడగలేక అడిగినాను, "వాళ్ళు వచ్చినారా అన్నా?"

"వచ్చినారు, ఉగాదికి. బస్సు దిగేటప్పుడే చూసినా. ముందరే పోయి గడియలో ఉండేటివన్నీ తీసి జోబీలో పెట్టుకున్నా. పత్రిక ముందిచ్చినా. బిల్లు తర్వాతిచ్చినా. ఆ కార్డు మాత్రం కడాకిచ్చినా సార్. ఓళిగలు తిని చెయ్యి కడుక్కున్నాక."

(కొంతసేపు నిశ్శబ్దం)

లైట్లు వేయండి.

ఇంకో పని ఉంది, దాని కోసమే అసలు నేను ఒప్పుకున్నది. ఆ వాకిలి పక్కన బల్ల మీద ఒక ఖాకీ సంచి పెట్టినాను. అందులో 63 ప్రింట్లు ఉన్నాయి. నేను చేర్చలేకపోయినవి. కొన్నిటికి రెండుసార్లు, కొన్నిటికి నాలుగుసార్లు తిరిగినాను. ఒక్కోదాని వెనక పెన్సిలుతో మా ఆఫీసు పద్ధతిలోనే రాసి పెట్టినాను: 'ఊరు విడిచి వెళ్ళినారు', 'ఇంటికి బీగం', 'ఈ పేరు గలవారు లేరు', 'చనిపోయినారు'. చనిపోయినవాళ్ళకు పిల్లలు ఉంటారు కదా, వాళ్ళెక్కడున్నారో తెలియలేదు. ఊరు, తాలూకా, ఏడాది కూడా వెనకే ఉన్నాయి. మీరంతా అన్ని మండలాల నుంచి వచ్చినారు. టీ తాగేటప్పుడు ఒకసారి తిరగేయండి. మీ ఊరి మొగం ఏదైనా కనబడితే తీసుకుపోండి. సంతకం అక్కర్లేదు.

అన్నిటికంటే పైన ఒక పిల్లోడి బొమ్మ ఉంటుంది. 1988, ఉరవకొండ తాలూకా. సైకిలు టైరును కట్టెతో దొర్లించుకుంటూ నా మోపెడ్‌కు ఎదురొచ్చి పడినాడు. పడినాక లేచి, ఏడవకుండా, "ఫోటో తీస్తావా?" అన్నాడు. వానికిప్పుడు నలభై దాటుంటాయి. కుడి కనుబొమ్మ మీద గాటు ఉండాలి, ఆ రోజు తగిలిందే. చూడండి.